మహలక్ష్మి పడవకి అచ్చు తీసిన రోజులు

మా అనంతపురం జిల్లాలో పడవతో ఎవరికీ పని లేదు. చెరువులే ఎండి నోళ్ళు తెరుచుకుని ఉంటే పడవ ఎక్కడ తేలాలి? అయినా సరే, పడవకి ఫైబరు అచ్చు తియ్యడం నేర్చుకు రమ్మని నన్ను కోనసీమ పంపారు. ఎనభైల మొదట్లో మాట. నేనప్పుడు ఐ.టి.ఐ.లో వడ్రంగం చెప్పేవాణ్ణి. అచ్చు చెయ్యడం చేతికొస్తే అది పడవదైతేనేం, నీళ్ళ తొట్టిదైతేనేం అని మా ప్రిన్సిపాలుగారి వాదన. మూడు వారాల శిక్షణ, అదీ కుర్చీలో కూర్చుని వినేది కాదు, చేతులతో చేసి నేర్చుకునేది. నాకు వెళ్ళాలని ఏ కోశానా లేదు. గాజు పీచు ఒంటికి తగిలితే గోక్కోలేక చావాలని ఎవరో చెప్పారు. అలా సణుక్కుంటూ వెళ్ళినవాణ్ణి, తిరిగొచ్చాక అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ ముచ్చటే చెబుతున్నాను. కోనసీమ చూడనివాళ్ళ కోసం ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

కోటిపల్లి రేవు

రాజమండ్రిలో రైలు దిగి రామచంద్రపురం బస్సెక్కాను. ఆ ఊరంతా ధాన్యం బస్తాలే. లారీల మధ్య నుంచి మా బస్సు బయటపడేసరికి అరగంట పట్టింది. అక్కడ ఇంకో బస్సు పట్టుకుని గంగవరం మీదుగా కోటిపల్లి చేరాను. ఎదురుగా గోదావరి. అవతలి ఒడ్డున ముక్తేశ్వరం. మధ్యలో పంటు మీద దాటాలి. రెండు పెద్ద పడవల్ని జతగా కట్టి పైన చెక్కలు పరిస్తే అదే పంటు. దాని మీదకి మనుషులు, సైకిళ్ళు, రెండు గేదెలు, ఎవరి పెళ్ళిదో ఒక కొత్త బీరువా, అందరం కలిసే ఎక్కాం. నేను నట్టనడుమ నిలబడి బీరువాని గట్టిగా పట్టుకున్నాను.

ఒళ్ళో పనసకాయ పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి పలకరించాడు.

"తమరిదే ఊరండీ?"

"అనంతపురమప్పా."

"అనంతపురవాండీ! అక్కడ నీళ్ళుండవంట కదండీ. మరెలా బతుకుతున్నారండీ బాబూ?"

వెటకారం కాదు, నిజంగానే జాలి. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. మాకూ బావులున్నాయి, బోర్లున్నాయి అని చెప్పబోతుంటే ఆయన తల అడ్డంగా ఊపి "పాపం" అన్నాడు.

అవతలి రేవులో దిగేటప్పుడు నా కుడి చెప్పు బురదలో దిగబడిపోయింది. పంటు నడిపేవాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి లాగి, ఏట్లో కడిగి, రెండు చేతులతో అందించాడు. "తీసుకోండి బాబుగారూ" అన్నాడు. మా వైపైతే ముందు పదిమంది నవ్వేవాళ్ళు, తర్వాత తీసిచ్చేవాళ్ళు. ఇక్కడ నవ్వడానికి ఎవరూ లేకపోయేసరికి నాకే ఎటూ తోచలేదు. ఇంతలో పనసకాయ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని బొండాల కొట్టుకి లాక్కెళ్ళి రెండు కొట్టించాడు. బొండాం అర్ధరూపాయి. నన్ను డబ్బు తియ్యనివ్వలేదు. నీళ్ళు లేని దేశం నుంచి వచ్చినవాణ్ణి కదా, దగ్గరుండి చివరి చుక్క దాకా తాగించి మరీ వదిలాడు.

అమలాపురం, రాజోలు

అమలాపురంలో బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు తిన్నాను. "ఉప్మా లోపల పెట్టమంటారాండీ, పక్కన పెట్టమంటారాండీ?" అని సర్వరు చేతులు కట్టుకుని అడిగితే, ఏదో పెళ్ళివారి మనిషినని పొరబడ్డాడేమో అనుకున్నాను. కాదు, అందరినీ అలాగే అడుగుతున్నాడు. అల్లం పచ్చడికి కళ్ళంట నీళ్ళొచ్చాయి. మావాళ్ళు బొరుగుల ఒగ్గాని గురించి గొప్పలు పోతారు కానీ, ఆ అట్టు తిన్నాక నేను కొన్నాళ్ళు నోరు మూసుకుంటే మంచిది.

రాజోల్లో నా మకాం శిక్షణ ఇచ్చే ప్రభుదాసు మాస్టారి ఇల్లే. నలభై అయిదేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటారు. వాళ్ళ తాతలు పొలం కూలికి వెళ్ళేవారట. తండ్రి మిషను బడిలో పంతులయ్యారు. ఈయన మద్రాసు వెళ్ళి ఒక పడవల యార్డులో ఫైబరు పని నేర్చుకుని తిరిగొచ్చారు. ఆయన భార్య సువార్తమ్మగారు రాత్రి భోజనంలో చింతకాయ వేసిన చేపల పులుసు వడ్డించారు. ఆకలి మీద నేను ఠక్కున ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. నమలాలా, మింగాలా, తియ్యాలా తెలియక ఆ ముద్ద అలాగే బుగ్గన పెట్టుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అన్నాక సువార్తమ్మగారు నవ్వు ఆపుకుంటూ "పులుసులో ఉప్పు సరిపోయిందా అన్నయ్యగారూ?" అని అడిగారు.

దిండి షెడ్డు

పొద్దున్నే బస్సులో దిండి వెళ్ళాం. ఏటి ఒడ్డున తాటాకు షెడ్డు. నాతో కలిపి నేర్చుకునేవాళ్ళం ఆరుగురం. షెడ్డు మధ్యలో దిమ్మల మీద ఒక కొత్త చెక్క పడవ బోర్లించి ఉంది. నేను వడ్రంగం చెప్పేవాణ్ణి కదా, చూడగానే వేళ్ళు ఊరుకోలేదు. పలకకీ పలకకీ మధ్య గోరు దూరదు. కాగితం మీద గీతలేమీ లేకుండా, కంటి కొలతతో చేసిన పని.

చేసినాయన వెంకన్నగారు. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, గోడకి చేరగిలి చుట్ట కాల్చుకుంటున్నాడు. పక్కన ఆయన కూతురు మహలక్ష్మి. ఆ పడవ ఆమెదే. ఆమె, ఆమె పెనిమిటి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి పడవలో వాటాకి చేపల వేటకెళుతున్నవాళ్ళే. సొంత పడవ ఇదే మొదటిది. కూతురి కోసం వెంకన్నగారు ఏడాది పాటు కూర్చుని చేశాడు. వచ్చే అమావాస్యకి నీళ్ళలో దింపుకోవాలి.

మరి అది షెడ్డులో ఎందుకుందంటే, ఫైబరు పడవకి ముందు అచ్చు కావాలి, అచ్చుకి నమూనా పడవ కావాలి. మద్రాసు నమూనా ఇక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగకి సరిపడదని మాస్టారి పట్టుదల. ఈ నీళ్ళకి తగిన పడవ చేసేది వెంకన్నగారొక్కడే. మాస్టారి నాన్నగారి దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న మనిషి కాబట్టి కాదనలేక ఇచ్చాడు.

"గీత కూడా పడకుండా అప్పజెబుతానమ్మా," అని మాస్టారు మా అందరి ముందే మహలక్ష్మికి ఇంకోసారి మాటిచ్చారు.

"ఆయ్. మాకున్నది ఇదొక్కటేనండి," అంది ఆమె.

తర్వాత మాస్టారు మావైపు తిరిగి మొదటి పాఠం చెప్పారు. "రేపట్నుంచి తలకి నూనె రాసుకుని ఎవరూ రావద్దు. శీకాయతో రుద్దుకుని రండి. నూనె చెయ్యి పడిన చోట రంగు పట్టదు." కోనసీమలో, కొబ్బరినూనె వద్దనడం! మాతో నేర్చుకుంటున్న రాజోలు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు నలుగురి జుట్టూ నాలుగు దిక్కుల నిలబడి, ఎవరెవరో గుర్తుపట్టడానికి నాకు కొంత సేపు పట్టింది.

వంక లేని పడవ

పని చెబుతాను, చిక్కేమీ లేదు. పడవ పలకల మీది సందులు లప్పంతో పూడ్చాలి. తడిపిన గరుకు కాగితంతో అద్దంలా రుద్దాలి. అచ్చు అంటుకోకుండా దాని మీద మైనం రాసి, ఆరనిచ్చి, బట్టతో తుడవాలి. అలా ఏడుసార్లు. ఆ పైన చిక్కటి రంగు పూత. పూత మీద గాజు పీచు చాపలు పరిచి రెజిన్ అనే జిగురు పట్టించాలి. అన్నీ గట్టిపడ్డాక పైకెత్తితే, లోపల పడవ పడవలాగే ఉండి, పైన పెంకు విడిగా వచ్చేస్తుంది. ఆ పెంకే అచ్చు. అందులో ఎన్ని పడవలైనా పోసుకోవచ్చు. నమూనా మీద ఏముంటే అచ్చులోకి అదే వస్తుంది, వెంట్రుకైనా సరే. అందుకే మాస్టారు లాంతరు పట్టుకుని పడవ చుట్టూ తిరుగుతూ, మేం రుద్దిన చోటల్లా మళ్ళీ రుద్దించేవారు. తొమ్మిది రోజులు రుద్దాం. నా వేలిముద్రలు అరిగిపోయాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం మాస్టారు పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేయి జార్చి చూసి, "ఇక ఇందులో వంక పెట్టడానికి లేదు వెంకన్నగారూ!" అన్నారు. ఆయన నోట మెప్పు రావడం అదే మొదలు. మేమంతా "లేదు, లేదు" అన్నాం. చూడవచ్చిన నలుగురూ అదే మాటన్నారు. వెంకన్నగారు మాత్రం చుట్ట పారేసి, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాడు. ముసలాయనకి గర్వం అనుకున్నాను.

మర్నాడు పూత. నాకు ఒప్పజెప్పింది వెనక మూల, గోడవైపు, వెలుగు తక్కువ చోటు. అక్కడ పక్క పలక అడుక్కి తిరిగే మలుపులో నా బ్రష్షు ఏదో చిన్నదానికి తట్టుకుంది. పలక సందేమో అనుకున్నాను. చెబితే మళ్ళీ తొమ్మిది రోజులు రుద్దమంటారని భయం. అక్కడ పూత ఇంకొంచెం గట్టిగా అదిమి ముందుకు జరిగాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

తర్వాతి రోజులన్నీ గాజు చాపలు, రెజిన్, దురద. మెడ, మోచేతులు, చెప్పుకోలేని చోట్లు. ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు అడిగితే సువార్తమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు. "వేణ్ణీళ్ళొద్దండి అన్నయ్యగారూ, గాజు లోపలికి దిగుద్ది. ముందు చన్నీళ్ళు పోసుకోండి." నిజమే, తగ్గింది. పైగా నీళ్ళ కోసం బిందెలు లెక్కపెట్టక్కర లేదు. ఒక్క స్నానానికి మా ఇంట్లో రెండు రోజులకి వాడే నీళ్ళు పోసుకున్నాను, అదీ కాస్త సిగ్గుపడుతూ.

నాలుగో మూల

అచ్చు ఎత్తే రోజు వచ్చింది. అంచు సందులో సన్నగా చెక్కిన చెక్క ముక్కలు దిగ్గొట్టి, నీళ్ళు పోశాం. ఒక మూల టప్పుమని విడింది. తర్వాత రెండోది, మూడోది. మేం ఈలలు వేశాం. నాలుగో మూల విడలేదు. గోడవైపు, వెనక మూల. ఇంకో రెండు చెక్కలు కొట్టాం. ఎనిమిది మంది పట్టి లేవనెత్తాం. అచ్చుతో పాటు పడవా లేస్తోంది. లోపలెక్కడో చెక్క కిర్రుమంది.

"ఆపండి! చెక్క ఇరుగుతందండీ, ఆపండి!" మహలక్ష్మి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పడవ కింద పెట్టింది.

ఆపాం. ఇక ఉన్నవి రెండే దారులు. పడవని కోసి అచ్చు దక్కించుకోవాలి, లేదా అచ్చు పగలగొట్టి పడవని బయటికి తియ్యాలి. ఆ రెజిన్ కోసం మాస్టారు ఎనిమిది నెలలు మద్రాసుకీ కాకినాడకీ తిరిగారు. ఇది పోతే మళ్ళీ ఇచ్చేవాడు లేడు, షెడ్డు మూతపడినట్టే. ఆయన అచ్చు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. తర్వాత మూలనున్న పెద్ద సుత్తి తెచ్చారు.

"జరగండి. అమ్మాయికి మాటిచ్చాను. అచ్చు పగలగొడతాను."

సుత్తి ఎత్తారు కూడా. అప్పుడు వెంకన్నగారు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఆగండి మాస్టారండీ. తప్పు నాదండి. ఉలితో గంటు పెట్టేనండి."

"గంటా? ఎక్కడ?"

"ఆ మూలేనండి. దిష్టి గంటండి. మా తాతల కాణ్ణుంచీ ఉన్నదేనండి. పడవలో వంక లేదని నలుగురూ అన్నాక, మర్నాడు తెల్లారగట్ల చేసినోడే వచ్చి ఒక సిన్న గంటు పెట్టాలండి. వంక లేని పడవ మీద పిల్లని ఏట్లోకెలా పంపుతానండీ?"

"ఒక్క మాట ముందు చెప్పొచ్చు కదండీ వెంకన్నగారూ!"

"సెప్పి పెట్టేది కాదండి అది. సెబితే పెట్టినట్టు కాదండి."

మా వైపు కట్టే ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీస్తాం. అది ఊరందరికీ కనబడాలి. ఇక్కడిది ఎవరికీ కనబడకూడదట. బొటనవేలు వెడల్పు గంటు. ఏటవాలుగా ఉలి దిగింది. అందులోకి పూత వెళ్ళి గట్టిపడి, పడవనీ అచ్చునీ కలిపి గొళ్ళెం పెట్టినట్టు పట్టేసింది. వెళ్ళేలా అదిమినవాణ్ణి నేను.

"నా బ్రష్షుకి తగిలింది మాస్టారూ," అన్నాను. "మీరు తిడతారని చెప్పలేదు." మాస్టారు నావైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"వంక లేదని మొదలు అన్నది నేనే కదా," అని సుత్తి కింద పెట్టి, నేల మీదే చతికిలబడ్డారు.

మహలక్ష్మి పడవ కింద నుంచి చేతులు తీసి, పమిటతో తుడుచుకుంది.

"పడవ నాదండి," అంది. "కొయ్యండి."

"అమ్మీ!" అన్నాడు వెంకన్నగారు.

"నీ చేత్తో చేసిందే కద నాన్నా. నీ చేత్తోనే కోసి, నీ చేత్తోనే అతుకెయ్యి. పడవకి అతుకెయ్యొచ్చు. ఆ అచ్చు పగిల్తే అతుకెయ్యడం ఈళ్ళెవరికీ రాదంట." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "కానీ నీళ్ళు రాకూడదండి మాస్టారండీ. నాకిద్దరు పిల్లలండి."

వెంకన్నగారు ఉలి, సుత్తి తీసుకుని బోర్లించిన పడవ కిందకి పాక్కుంటూ వెళ్ళాడు. నేను లాంతరు పట్టుకుని వెనకే వెళ్ళాను. తను ఏడాది కూర్చుని అమర్చిన పలకని లోపలి నుంచి, గంటు చుట్టూ అరచెయ్యంత మేర కోశాడు. ఎక్కడా చెయ్యి ఆగలేదు. తొందరా పడలేదు. నాకే ఏడుపొచ్చింది, అదీ ఆయన ముందు. "కళ్ళల్లో పొట్టు పడుద్ది, ఎనక్కి జరగండి," అన్నాడాయన. చివరి దెబ్బకి పైన అచ్చు తనంతట తనే టక్కున లేచింది. ఎవరూ ఈల వెయ్యలేదు.

అచ్చుకి అంటుకుపోయిన చెక్క ముక్కనీ, గంటు లోపలికి వెళ్ళిన బుడిపెనీ అరగదీసే పని నేనే అడిగి తీసుకున్నాను. రెండు రోజులు పట్టింది.

ఆదివారం

పడవకి వెంకన్నగారు అదే జాతి చెక్కతో అతుకు వేశాడు. దాని మీద మాస్టారు రెండు పొరలు గాజు చాప పరిచి రెజిన్ పట్టించారు. ఫైబరంటే మొదట్నుంచీ ముక్కు విరిచిన వెంకన్నగారు పక్కన కూర్చుని ప్రతి బుడగా వేలితో చూపించి నొక్కించాడు. అంతా అయ్యాక మహలక్ష్మి అడిగింది. "నీళ్ళు రావని మాటిత్తారాండీ?"

మాస్టారు రోలరు కడుక్కుంటూ అన్నారు. "మాట ఒకసారిచ్చాను కదమ్మా, ఏమైందో చూశావు. ఈసారి మాటివ్వను. పడవ దింపిన రోజున ఆ అతుకు మీద నేనే కూర్చుంటాను. ఏటి నడుమ దాకా తీసుకెళ్ళి తీసుకురండి."

అమావాస్యకి ముందు ఆదివారం. మాస్టారు చర్చి నుంచి తిన్నగా దిండి వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో బైబిలు. బైబిలు సువార్తమ్మగారికిచ్చి, పడవ ఎక్కి, వెనక మూల అడుగున బాసీపట్టు వేసుకుని కూర్చున్నారు. మహలక్ష్మి, ఆమె పెనిమిటి తెడ్లు పట్టారు. పడవ ఒడ్డు విడిచాక సువార్తమ్మగారు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "ఆయనకి ఈత రాదండి అన్నయ్యగారూ."

పడవల మాస్టారు, ఈత రాదు! పడవ చిన్నదవుతూ నడి ఏటికి చేరింది. అక్కడ అటూ ఇటూ ఊపి, రెండుసార్లు చుట్టూ తిప్పారు. వెంకన్నగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. చుట్ట ఆరిపోయి చాలాసేపైనా నోట్లోనే ఉంది. అరగంట తర్వాత పడవ తిరిగొచ్చింది.

మాస్టారు దిగారు. మొహం పాలిపోయి ఉంది. మా అందరికీ వీపు తిప్పి నిలబడ్డారు. అంత గంభీరమైన మనిషి, చర్చికి వేసుకెళ్ళిన తెల్ల ప్యాంటుతో. ఎందుకలా నిలబడ్డారో అర్థమయ్యాక అందరం ముందుకు వంగి చూశాం. వెంకన్నగారు నీళ్ళలోంచి వచ్చి, చెయ్యి పంచెకి తుడుచుకుని, మాస్టారి ప్యాంటు వెనక, అతుకు మీద ఆనిన చోట అరచేత్తో తడిమి చూశాడు.

"పొడేనండి," అన్నాడు.

"సరిగ్గా చూడండి వెంకన్నగారూ," అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

వెంకన్నగారు మళ్ళీ తడిమాడు. "ఆయ్. పొడేనండి మాస్టారండీ. సుక్క లేదండి."

మహలక్ష్మి అప్పటికే ఒడ్డు మీది వల భుజానికెత్తుకుంది.

"అయితే కొంచెం జరగండి మాస్టారండీ," అంది. "వల ఎక్కించుకోవాలి."